రిచర్డ్ రైట్ తొలి నవలలో తెగిపోయిన పేజీలు

న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఫోర్ట్ గ్రీన్ పార్కు ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. 1938 వేసవిలో దాదాపు రోజూ పొద్దున్నే ఒక నల్లజాతి యువకుడు పసుపురంగు కాగితాల బొత్తి పట్టుకుని ఆ గుట్ట ఎక్కేవాడు. ఎండ ముదిరేదాకా కూర్చుని రాసుకునేవాడు. తర్వాత ఇంటికొచ్చి, ఆ రోజు రాసిన పేజీలు జేన్ న్యూటన్ చేతిలో పెట్టేవాడు. జేన్ తెల్లజాతి స్త్రీ. ఆమె భర్త హెర్బర్ట్ నల్లజాతి కమ్యూనిస్టు కార్యకర్త. ఆ దంపతుల ఇంట్లోనే ఒక గదిలో ఉంటూ ఆ యువకుడు నవల రాస్తున్నాడు. పేజీ పేజీకీ ఇద్దరికీ వాదన జరిగేది.

ఆ యువకుడు రిచర్డ్ రైట్. ఆ నవల 'నేటివ్ సన్'. 1940 మార్చి 1న అచ్చయి, మూడు వారాల్లో రెండు లక్షల పదిహేను వేల ప్రతులు అమ్ముడుపోయింది. అమెరికాలో నల్లజాతి రచయిత పుస్తకం అంతకుముందు ఎన్నడూ అలా అమ్ముడుపోలేదు. అయితే ఆ రెండు లక్షల మంది చదివింది రైట్ మొదట పూర్తి చేసి ఇచ్చిన నవల కాదు. ఆ నవల బయటికి రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. అప్పటికి రైట్ చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

రైట్ గురించి మన దగ్గర మాట్లాడేటప్పుడు ఆయన పేదరికం గురించి, ఆగ్రహం గురించి మాట్లాడతాం. ఆయన రాతప్రతికి ఏం జరిగిందో అంతగా మాట్లాడం. తొలి నవలను దిద్దుకుంటూ, కుదించుకుంటూ ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

రైట్ 1908 సెప్టెంబరు 4న మిసిసిపీ రాష్ట్రంలో, నాచెజ్ పట్నానికి దగ్గర్లోని పల్లెలో పుట్టాడు. తాతలు, అమ్మమ్మలు బానిసలుగా పుట్టినవాళ్లు. తండ్రి నేథన్ భూస్వామి పొలంలో పాలుకు చేసేవాడు. తల్లి ఎల్లా బడిపంతులమ్మ. రైట్ చిన్నతనంలోనే తండ్రి కుటుంబాన్ని వదిలేసి పోయాడు. ఆకలి అనే మాట ఆయన ఆత్మకథ నిండా ఉంటుంది. తల్లికి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్లు అన్నదమ్ములిద్దరినీ అనాథాశ్రమంలో పెట్టాల్సి వచ్చింది. ఆర్కాన్సా రాష్ట్రంలో కాస్త కలిగినవాడిగా బతుకుతున్న మేనత్త వరస బంధువు కాదు, సొంత పిన్ని భర్తనే తెల్లవాళ్లు చంపేశారు. సారా వ్యాపారం బాగా నడుస్తోందన్నదే వాళ్ల కంటు. కుటుంబం రాత్రికి రాత్రి ఊరు విడిచింది. శవాన్ని కూడా చూడలేదు. కారంచేడు, చుండూరు తర్వాత ఊళ్లు వదిలిన కుటుంబాల సంగతి తెలిసినవాళ్లకు ఈ దృశ్యాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

1925లో జాక్సన్‌లో తొమ్మిదో తరగతి ముగించాడు. క్లాసులో మొదటివాడు కాబట్టి వీడ్కోలు సభలో ప్రసంగించాలి. ప్రిన్సిపాలు పిలిచి, తాను రాసి ఉంచిన ప్రసంగం చేతికిచ్చాడు. సభకు తెల్ల అధికారులు వస్తారు, వాళ్ల ముందు ఏది మాట్లాడవచ్చో ఏది కూడదో పెద్దలకే తెలుసు అన్నది ఆయన ఉద్దేశం. ప్రిన్సిపాలు కూడా నల్లజాతివాడే. తాను రాసుకున్నదే చదువుతానని రైట్ పట్టుబట్టాడు. పంతులు ఉద్యోగం పోగొట్టుకుంటావని బెదిరించారు. తోటి పిల్లలు నచ్చజెప్పారు, ఇంట్లో మేనమామ కోప్పడ్డాడు. రైట్ వినలేదు. సొంత ప్రసంగమే చదివి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన చదువు అంతటితో ఆగిపోయింది. పదహారేళ్ల వయసులో ఇంత మొండిగా నిలబడ్డవాడు ముప్పై ఒకటో ఏట ఎందుకు తలొగ్గాడన్నది ఈ కథలో నన్ను ఎప్పుడూ వెంటాడే ప్రశ్న.

మెంఫిస్‌లో ఆయన పుస్తకాలు సంపాదించిన పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. నల్లవాళ్లకు లైబ్రరీలో పుస్తకాలివ్వరు. తాను పనిచేసేచోట ఒక తెల్ల ఉద్యోగి దగ్గర కార్డు అడిగి తీసుకున్నాడు. ఈ కుర్రాడికి ఫలానా పుస్తకాలిచ్చి పంపండి అని ఆ తెల్లాయన రాసినట్టు తానే ఒక దొంగ చీటీ రాసుకున్నాడు. చదవడం రానివాడిలా మొహం పెట్టి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. అలా చదవడం మొదలుపెట్టి, 1927 చివర్లో షికాగో రైలెక్కాడు.

షికాగోలో పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని దొరికింది. మాంద్యం రోజుల్లో అదీ నిలకడగా లేదు. 1933లో వామపక్ష రచయితల జాన్ రీడ్ క్లబ్బులో చేరాడు, అక్కణ్నుంచి కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లాడు. ఆ రోజుల్లోనే మొదటి నవల పూర్తి చేశాడు. అచ్చయిన తొలి నవల 'నేటివ్ సన్' అయినా, రాసిన తొలి నవల అది కాదు. మొదటిదాని పేరు 'సెస్‌పూల్', అంటే మురికిగుంట. పోస్టాఫీసు ఉద్యోగి జేక్ జాక్సన్ జీవితంలో ఒక్క రోజు కథ అది. ఆ రోజు అబ్రహాం లింకన్ పుట్టినరోజు. పొద్దుటి నుంచి రేడియోలో బానిసలను విడిపించిన మహానుభావుడి ఘనతలు వినిపిస్తూ ఉంటాయి. జేక్ ఆ రోజంతా పెళ్లాన్ని కొడతాడు, అప్పు చేస్తాడు, పేకాడతాడు, తాగుతాడు. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. 'లాడ్ టుడే' పేరుతో అది అచ్చయింది 1963లో. అప్పటికి రైట్ లేడు.

1937లో న్యూయార్క్ చేరాడు. మరుసటి ఏడాది 'అంకుల్ టామ్స్ చిల్డ్రన్' కథల సంపుటి వచ్చింది. మంచి పేరొచ్చింది. అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ కూడా మెచ్చుకున్నారు. సమీక్షలు చదివాక రైట్‌కు సంతోషం కలగలేదు. కలిగినింటి ఆడపిల్లలు చదివి కన్నీళ్లు పెట్టుకుని, మనసు తేలికపడి నిద్రపోయే పుస్తకం రాశానని బాధపడ్డాడు. ఈసారి రాసేది కన్నీళ్ల ఊరట దొరకని పుస్తకం కావాలని నిశ్చయించుకున్నాడు. దయను కోరుకునే సాహిత్యంతో మనకూ పాత పరిచయమే ఉంది. దళితుడు మంచివాడై, నోరులేనివాడై, చివరికి చచ్చిపోతే పాఠకుడు కన్నీరు కారుస్తాడు. వాడు చెడ్డవాడైతే, కోపిష్టి అయితే, తప్పు చేస్తే ఆ కన్నీరు వస్తుందా? రైట్ తనకు తాను పెట్టుకున్న పరీక్ష సరిగ్గా ఇదే.

అలా వచ్చినవాడు బిగ్గర్ థామస్. ఇరవై ఏళ్లవాడు. షికాగో సౌత్ సైడ్‌లో ఒకే గదిలో తల్లి, చెల్లి, తమ్ముడితో ఉంటాడు. డాల్టన్ అనే కోటీశ్వరుడి ఇంట్లో డ్రైవరుగా చేరతాడు. బిగ్గర్ కుటుంబం ఉంటున్న ఎలుకల కొంపకు అద్దె వసూలు చేసేది ఆ డాల్టన్ కంపెనీయే. ఆ డబ్బులోంచే నల్లపిల్లల క్లబ్బుకు పింగ్‌పాంగ్ బల్లలు దానం చేసేదీ ఆయనే. మొదటి రాత్రే, తాగి సోలిపోయిన డాల్టన్ కూతురు మేరీని బిగ్గర్ ఆమె గదిలోకి మోసుకెళ్లాల్సి వస్తుంది. చూపులేని తల్లి గుమ్మంలోకి వస్తుంది. తెల్ల అమ్మాయి గదిలో నల్లవాడు దొరికితే ఏమవుతుందో బిగ్గర్‌కు తెలుసు. శబ్దం రాకుండా మేరీ మొహం మీద దిండు అదుముతాడు. ఆమె చనిపోతుంది. అక్కణ్నుంచి పరుగు, పట్టుబడటం, విచారణ, మరణశిక్ష.

నవల సగంలో ఉండగా షికాగోలో రాబర్ట్ నిక్సన్ అనే పద్దెనిమిదేళ్ల నల్లకుర్రాణ్ని తెల్ల స్త్రీ హత్యకేసులో అరెస్టు చేశారు. పత్రికలు వాణ్ని అడవిమృగంతో పోల్చి రాశాయి. కవయిత్రి మార్గరెట్ వాకర్ ఆ కత్తిరింపులన్నీ షికాగో నుంచి రైట్‌కు పంపింది. ఆయన వాటిని గది నేల మీద పరుచుకుని చదివి, ఆ భాషను తన నవలలోని పత్రికల నోట పెట్టాడు. నిక్సన్‌ను 1939లో విద్యుత్ కుర్చీలో చంపారు.

1938 శరత్కాలానికి చిత్తుప్రతి అయిదు వందల పేజీలు దాటింది. ఇక దిద్దుబాటు మొదలైంది. ఆ పని ఎలా సాగిందో రైట్ తానే 1940లో కొలంబియా యూనివర్సిటీలో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. అంబేద్కర్ చదువుకున్న కొలంబియానే అది.

మొదటి సమస్య ప్రారంభం. ఎంత తన్నుకున్నా మొదటి సన్నివేశం రాలేదు. దాంతో దాన్ని పక్కన పెట్టి, బిగ్గర్ తన జట్టుతో కలిసి దోపిడీకి పథకం వేసే చోట కథ ఎత్తుకున్నాడు. చివరిదాకా రాశాక మళ్లీ మొదటికి వచ్చాడు. ఒక రాత్రి సీసా తెచ్చుకుని కూర్చుంటే షికాగో ఎలుకలు గుర్తొచ్చాయట. పక్కల్లో పడుకున్న పసిపిల్లలను కొరికిన ఎలుకలు. ఎలుకతో మొదలుపెడితే ఎలుకే సన్నివేశాన్ని మింగేస్తుందేమోనని మొదట వద్దనుకున్నాడు. కానీ అది ఆయన్ను వదల్లేదు. ఎలుకను రానిచ్చి, బిగ్గర్ కన్నా పెద్దది కాకుండా అదుపులో పెట్టాడు. నవల చదివినవాళ్లెవరికీ ఆ ఎలుక మరపురాదు. ఇంటావిడ కేకలు, మూలకు దొరికిన ఎలుక ఎదురుతిరిగి కరవడం, బిగ్గర్ దాన్ని పెనంతో కొట్టడం: నవల మొత్తం ఆ నాలుగైదు పేజీల్లోనే ఉంది. ఇదంతా రాసింది అన్నిటికన్నా చివర.

రెండోది ముగింపు. మొదటి ప్రతిలో బిగ్గర్‌ను నేరుగా విద్యుత్ కుర్చీ దాకా తీసుకెళ్లి చంపాడు. తర్వాత చదువుకుంటే, ఒక నవలకు రెండు హత్యలు చాలనిపించింది. ఆ దృశ్యాన్ని కొట్టేశాడు. ఇప్పుడు నవల కటకటాల తలుపు మూసుకునే చప్పుడుతో ముగుస్తుంది. ఇది రచయిత తన చేత్తో వేసిన కత్తెర. దీనివల్ల పుస్తకం బలపడింది. ప్రభుత్వం చంపే దృశ్యం చూపిస్తే పాఠకుడికి మళ్లీ కన్నీరొచ్చేది, అది రైట్‌కు అక్కర్లేదు.

కొట్టేయాల్సిందని తెలిసీ ఉంచిన సన్నివేశం కూడా ఒకటుంది. జైలు గదిలో బిగ్గర్ తల్లి, తమ్ముడు, చెల్లి, పాస్టరు, లాయరు, కమ్యూనిస్టు మిత్రుడు, డాల్టన్ దంపతులు, ప్రాసిక్యూటరు అందరూ ఒకేసారి చేరతారు. అంతమందిని ఆ గదిలోకి ఎవరూ రానివ్వరని రైట్‌కు తెలుసు. అయినా వాళ్లందరి కళ్ల ముందు బిగ్గర్ పడే సిగ్గు కావాలి కాబట్టి ఉంచాడు. నా మట్టుకు అది కాస్త నాటకంలాగే అనిపిస్తుంది. కానీ తల్లి మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి మిసెస్ డాల్టన్ కాళ్ల దగ్గర ఏడ్చే చోట ఆ అభ్యంతరం మరిచిపోతాం.

ఈ దిద్దుబాటంతా సాగుతున్నప్పుడు తన తలలో కూర్చున్న సెన్సారు గురించి కూడా రైట్ దాపరికం లేకుండా చెప్పాడు. బిగ్గర్‌ను ఇలా చూపిస్తే, నల్లవాళ్లంతా ఇంతేనని తెల్లవాళ్లు వేలెత్తి చూపరా అన్నది మొదటి భయం. రెండోది సొంత జాతిలోని డాక్టర్లు, లాయర్లు, టీచర్ల గురించి. అంత కష్టపడి పరువు సంపాదించుకున్నాం, నువ్వొచ్చి మా మురికి బజార్లో పెట్టావేమని వాళ్లు అడుగుతారు. మూడోది పార్టీ సహచరులది. బిగ్గర్ చైతన్యవంతుడైన కార్మికుడు కాడు, ఏ సంఘంలోనూ లేడు. ఈ మూడు భయాలనూ పక్కకు నెట్టడమే తన అసలు దిద్దుబాటు పని అన్నట్టు మాట్లాడాడు రైట్. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ పరిచయం లేని దళిత రచయిత నాకింతవరకు తారసపడలేదు.

జేన్‌తో పెద్ద గొడవ బెస్సీ దగ్గర వచ్చింది. బెస్సీ బిగ్గర్ ప్రియురాలు, పరాయి ఇళ్లలో పాచిపని చేసుకునే నల్ల అమ్మాయి. పారిపోతూ ఆమె తనకు అడ్డమవుతుందని బిగ్గర్ ఆమెను ఇటుకతో కొట్టి చంపుతాడు. ఈ హత్య కథకు అవసరం లేదు, తీసేయమని జేన్ వాదించింది. రైట్ ససేమిరా అన్నాడు. బెస్సీ విషయంలో నేను పూర్తిగా రైట్ పక్షం కాదు. ఆయన నవలల్లో నల్ల స్త్రీలు ఏడుస్తారు, ప్రార్థిస్తారు, తాగుతారు, చస్తారు. వాళ్లకు లోపలి బతుకంటూ ఉండదు. ఒక్క విషయం మాత్రం ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. కోర్టులో విచారణ అంతా మేరీ గురించే. బెస్సీ శవాన్ని బల్ల మీద పడుకోబెట్టి తెస్తారు, అదీ మేరీ కేసులో సాక్ష్యంగా. ఆమె చావు తనంతట తానుగా ఎవరికీ నేరం కాదు.

1939లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. కడుపు నిండా తింటూ దిద్దుకునే వీలు కలిగింది. హార్పర్ సంస్థ నవలను తీసుకుంది, ఎడ్వర్డ్ ఆస్వెల్ సంపాదకుడు. ప్రూఫులు కూడా తయారయ్యాయి. ఆ దశలో బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ ఆసక్తి చూపించింది. ఈ క్లబ్బు సంగతి కొంచెం చెప్పాలి. దేశమంతటా లక్షల మంది చందాదారులు. నెలనెలా న్యాయనిర్ణేతలు ఎంచిన పుస్తకం పోస్టులో ఇంటికి వస్తుంది. ఆ ఎంపికలో పడితే రచయిత దశ తిరిగినట్టే. అప్పటిదాకా ఏ నల్లజాతి రచయితకూ ఆ చోటు దక్కలేదు. క్లబ్బు నిర్ణయం కోసం 1939లో రావాల్సిన పుస్తకం మరుసటి ఏడాదికి వాయిదా పడింది.

క్లబ్బువాళ్లు కొన్ని మార్పులు కోరారు. ముఖ్యమైనది సినిమాహాలు సన్నివేశం. రైట్ రాసిన ప్రకారం బిగ్గర్, స్నేహితుడు జాక్ కలిసి రీగల్ థియేటరుకు వెళతారు. చీకట్లో ఇద్దరూ హస్తప్రయోగం చేసుకుంటారు. తర్వాత న్యూస్‌రీల్ మొదలవుతుంది. ఫ్లోరిడా సముద్రతీరంలో ఈతదుస్తుల్లో ఆడుకుంటున్న ధనికుల పిల్లలు తెర మీద కనిపిస్తారు. వాళ్లలో మేరీ డాల్టన్ ఉంటుంది. ఆ సాయంత్రమే తాను పనికి వెళ్లబోయే ఇంటి అమ్మాయిని బిగ్గర్ మొదట చూసేది అక్కడ, తెర మీద. ఆ ఇల్లు, ఆ డబ్బు, ఆ అమ్మాయి, అన్నీ చూడటానికి వాడి ముందే పరుస్తారు. ముట్టుకుంటే చావు.

రైట్ దాన్ని తీసేశాడు. దాని బదులు ఇంకేదో సినిమా కథ చేర్చాడు. మేరీ గదిలో బిగ్గర్ మనసులో కదిలిన కోరికను, మేరీ వైపు నుంచి వచ్చిన స్పందనను తగ్గించి రాశాడు. లాయరు మాక్స్ కోర్టు ప్రసంగంలోనూ కొంత పోయింది.

తీసేసింది కొన్ని పేజీలే కదా అనిపించవచ్చు. వాటితోపాటు ఏం పోయిందో చూడాలి. తెల్ల అమ్మాయి బొమ్మను నల్లకుర్రాడి ముందు తెర మీద ఆడించి, వాడు చూశాడన్న నేరానికి చెట్టుకు ఉరితీసే వ్యవస్థ గురించి రైట్ రాశాడు. కోరిక అక్కడ వాడి సొంత పాపం కాదు, టిక్కెట్టు కొని చూసే సరుకు. న్యూస్‌రీల్ పోయాక ఆ లంకె తెగిపోయింది. అచ్చయిన బిగ్గర్‌లో భయం మిగిలింది, కోపం మిగిలింది, శరీరం చాలావరకు మాయమైంది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు విమర్శకులు ఆ కత్తిరించిన బిగ్గర్ మీదే తీర్పులు రాశారు.

బెస్సీ హత్య మాత్రం చెక్కుచెదరకుండా అచ్చయింది. తెల్ల పిల్ల కోరికను పాఠకుల కంటపడకుండా కాపాడినవాళ్లకు నల్ల పిల్ల తల ఇటుకతో పగలడం ఇబ్బందిగా తోచలేదు. కత్తెర ఎక్కడ పడిందో చూస్తే కొంత అర్థమవుతుంది, ఎక్కడ పడలేదో చూస్తే ఇంకా ఎక్కువ అర్థమవుతుంది.

పుస్తకానికి ముందుమాట రాసింది క్లబ్బు న్యాయనిర్ణేతల్లో ఒకరైన డొరొతీ కాన్‌ఫీల్డ్ ఫిషర్. 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ తన బానిస జీవితాన్ని రాసినప్పుడు, ఇది నిజమేనని ఇద్దరు తెల్ల పెద్దలు ముందు పేజీల్లో హామీ ఇచ్చారు. దాదాపు నూరేళ్లయినా ఆ హామీ అవసరం తీరలేదు. మన పుస్తకాల ముందుమాటలు ఎవరెవరు రాశారో ఒకసారి అల్మరా తీసి చూసుకోవచ్చు.

రైట్ ఒప్పుకున్నాడు. ఇక్కడే నాకు 1936 గుర్తొస్తుంది. లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ప్రతి చూశాక కొన్ని భాగాలు తీసేయమంది. అంబేద్కర్ కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆయన 'కులనిర్మూలన'ను సొంత ఖర్చుతో అచ్చువేశాడు. చిన్నప్పటి నుంచి ఆ కథ విని పెరిగినవాణ్ని కాబట్టి, రైట్ లొంగుబాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం అంత తేలిగ్గా నిలబడలేదు. అంబేద్కర్ అప్పటికి బారిస్టరు, ఒక ఉద్యమానికి నాయకుడు. ప్రెస్సుకు వెళ్లి పదిహేను వందల ప్రతులు వేయించుకోగలిగాడు, వాటిని కొనే జనం ఆయన వెనుక ఉన్నారు. రైట్ వెనుక ఉన్నది మంచాన పడ్డ తల్లి. పుస్తకం అమ్ముడుపోయాక ఆయన చేసిన పనుల్లో ఒకటి షికాగోలో తల్లికి ఇల్లు కొనడం. ఆ పేజీలు తీయనని అంటే 'సెస్‌పూల్' లాగే ఇదీ పెట్టెలో పడి ఉండేదేమో. రెండు లక్షల ఇళ్లలోకి బిగ్గర్ వెళ్లగలిగాడు, అయితే సగం దేహంతో. ఆ బేరం న్యాయమైనదని నేననను. ఆ బేరం ఆడిన చోటులో ఆయన ఎంత ఒంటరో మాత్రం తెలుస్తోంది. నా పరిశోధన అధ్యాయంలో మా వాడ మాటలు కొట్టేసి తెమ్మన్నప్పుడు నేనూ తీసుకెళ్లి ఇచ్చాను. పేజీలు పోయాయి, ఫెలోషిప్ మిగిలింది.

కత్తెర అక్కడితో ఆగలేదు. 1942లో 'ద మ్యాన్ హూ లివ్డ్ అండర్‌గ్రౌండ్' నవలను హార్పర్ తిప్పి పంపింది. చేయని హత్యకు పోలీసులు పట్టుకుని చిత్రహింసలు పెట్టి సంతకం చేయించుకున్న నల్లవాడు తప్పించుకుని మురుగు కాలువల్లోకి దిగిపోయే కథ అది. 1944లో కథగా కుదించి వేసినప్పుడు పోలీసుల చిత్రహింస భాగం పోయింది. అందువల్ల ఆ మనిషి ఎందుకు పారిపోతున్నాడో తెలియకుండానే కథ మొదలవుతుంది. పూర్తి నవల 2021లో వచ్చింది, జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపిన మరుసటి ఏడాది. డెబ్బై ఏళ్లకు పైగా ఆగిన పేజీలు నిన్న రాసినట్టే ఉన్నాయి.

ఆత్మకథ దగ్గరకొచ్చేసరికి అదే క్లబ్బు, అదే ఫిషర్. 'అమెరికన్ హంగర్' పేరుతో రైట్ ఇచ్చిన రాతప్రతిలో రెండు భాగాలున్నాయి. మొదటిది దక్షిణాది బాల్యం. రెండోది షికాగో, అక్కడి వివక్ష, కమ్యూనిస్టు పార్టీతో తగాదా. క్లబ్బు మొదటి భాగమే చాలంది. దాంతో నల్లకుర్రాడు దుర్మార్గపు దక్షిణాదిని వదిలి స్వేచ్ఛాయుత ఉత్తరానికి రైలెక్కడంతో పుస్తకం ముగిసింది. ఉత్తరాది పాఠకులు హాయిగా చదువుకున్నారు. 1945లో వచ్చిన ఆ పుస్తకమే 'బ్లాక్ బాయ్'. తనకు ఆశ కల్పించిన తెల్ల అమెరికన్ల గురించి చివర్లో ఒక మాట చేర్చమని ఫిషర్ ఉత్తరాలు రాసింది. ఈసారి రైట్ అంత తేలిగ్గా లొంగలేదు. కొన్ని వాక్యాలు చేర్చాడు గానీ, తనకు ఆశ ఇచ్చింది పుస్తకాలేనని రాసి ఊరుకున్నాడు. మెంఫిస్ లైబ్రరీలో దొంగ చీటీతో తెచ్చుకున్న పుస్తకాలే. రెండో భాగం 1977 దాకా పుస్తకంగా రాలేదు.

1946లో ఫ్రాన్స్‌కు వెళ్లి, మరుసటి ఏడాది కుటుంబంతో అక్కడే స్థిరపడ్డాడు. పారిస్ రోజుల గురించి, 1955లో బాండుంగ్ సదస్సుకు వెళ్లి రాసిన పుస్తకం గురించి వేరే రాయాలి. ఒక్క సినిమా సంగతి చెబుతాను. 'నేటివ్ సన్'ను అర్జెంటీనాలో చిత్రంగా తీశారు. ఇరవై ఏళ్ల బిగ్గర్ వేషం నలభై దాటిన రైటే వేశాడు. తాను దిద్దిన పాత్రలోకి తానే దూరాడు. నటన గొప్పగా లేదు. 1951లో అది అమెరికాకు చేరేసరికి దాదాపు అరగంట సినిమా కోసేశారు.

1960 నవంబరు 28న పారిస్‌లో యాభై రెండో ఏట రైట్ గుండెపోటుతో చనిపోయాడు. పేర్ లాషేజ్ శ్మశానంలో దహనం చేశారు. శరీరంతోపాటు 'బ్లాక్ బాయ్' ప్రతి ఒకటి చితిలో పెట్టారు. సగం తీసేసిన ప్రతి.

1991లో లైబ్రరీ ఆఫ్ అమెరికా సంస్థ ఆ పాత ప్రూఫులను, రాతప్రతులను వెతికి, క్లబ్బు అడగకముందు ఉన్న 'నేటివ్ సన్'ను అచ్చువేసింది. ఆత్మకథ రెండు భాగాలూ కలిపి వచ్చింది కూడా అప్పుడే. ఇప్పుడు అమెరికాలో ఎక్కువగా దొరికేది ఆ ప్రతే. కానీ యూనివర్సిటీ లైబ్రరీల్లోనూ, పాత పుస్తకాల షాపుల్లోనూ దొరికే అంతకుముందరి ప్రతులన్నీ 1940 నాటి పాఠమే. మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. మొదటి భాగంలో బిగ్గర్, జాక్ సినిమాకు వెళ్లే చోటు తీయండి. తెర మీద మేరీ డాల్టన్ కనిపిస్తోందేమో చూడండి.